జైతూన్ తొట్టిలో నీళ్లు

సిసిలీ దీవిలో నేను తొమ్మిదేళ్లు వంట చేశాను. నవ్వకండి. ఆ సిసిలీ సౌదీలోని అల్ ఖోబర్‌లో, ఒక టైర్ల దుకాణానికీ ఒక లాండ్రీకీ మధ్య ఉండేది. అసలు సిసిలీ ఇటలీకి కిందుగా సముద్రంలో ఉంటుందని మా కఫీల్ గోడ మీద పటం పెట్టి చూపించాడు కాబట్టి తెలుసు గానీ, నేను అటువైపు పోయింది లేదు. ఇప్పుడు గల్ఫ్‌కు బయలుదేరే మీలాంటి కుర్రాళ్లకు అందరూ ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, జాగ్రత్త, పాస్‌పోర్టు జాగ్రత్త అని చెప్తారు. నేను ఒక్కటే చెప్తాను. నీకు బాగా తెలిసిన పని దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండు. ఎందుకో చెప్తాను వినండి, నా పరువు పోతే పోయింది.

కఫీల్ అంటే మనకు వీసా ఇచ్చి తెప్పించుకున్న యజమాని. మా కఫీల్ మంచివాడే. కాకపోతే ఒకసారి స్నేహితులతో కలిసి సిసిలీ పోయి పదకొండు రోజులు ఉండి వచ్చాడు. ఆ పదకొండు రోజులు తలకెక్కి, వచ్చీ రాగానే హోటల్ పెట్టాడు. గోడల నిండా ఆ దీవి బొమ్మలు వేయించాడు. వేసినవాడు నిజామాబాద్ పెయింటర్. పొగలు కక్కే కొండ వేయమంటే, పాపం అతను జన్మలో అగ్నిపర్వతం చూసినవాడు కాదు, ఇటుక బట్టీ చూసినవాడు. అదే వేశాడు. వచ్చినవాళ్లలో సగం మంది దాన్ని మాంసం కాల్చే పొయ్యి అనుకుని షవర్మా ఉందా అని అడిగేవాళ్లు. కొండ కింద నల్లమట్టి, మెట్లు మెట్లుగా నిమ్మతోటలు, ముందుభాగాన రెండు కళ్లు గీసిన చేపల పడవలు బాగానే కుదిరాయి. కఫీల్ తెచ్చిన ఫొటోలో ఉన్న చర్చి గోపురాన్ని మాత్రం సౌదీలో ఎందుకొచ్చిన గొడవ అని నీళ్ల ట్యాంకు చేయించాడు. వాకిట్లో ఒక గుర్రపు బండి పెట్టించాడు. మన లారీలకు వేసినట్టు దానికి చక్రాల పుల్లల దాకా రంగులే.

శనివారం శనివారం హోటల్ తెరిచే ముందు మా అందరినీ నిలబెట్టి ఆ దీవి గురించి పాఠం చెప్పేవాడు. అక్కడ మధ్యాహ్నం తిన్నాక ఊరు ఊరంతా పడుకుంటుందట. మేం కూడా పడుకుంటామంటే మాత్రం ఒప్పుకోలేదు. చలి మొదలయ్యే రోజుల్లో ఆడవాళ్లు గడపల్లో కూర్చుని పచ్చి జైతూన్ కాయలను, అంటే మీరు ఆలివ్ అనేవాటిని, రాళ్లతో చితగ్గొట్టి ఊరవేస్తారట. ఒకప్పుడు ఆ దీవిని అరబ్బులు ఏలారు కాబట్టి నిమ్మచెట్టు, చెరకు, తోటలకు నీళ్ల కాలువలు అన్నీ మావాళ్లు నేర్పినవే అని ప్రతి పాఠం చివరా అనేవాడు. అగ్నిపర్వతం ఒక్కటే నేర్పలేదు.

అక్కడి వంటలు నాకు ఒక ట్యునీషియా ఆయన నేర్పాడు. కపొనాటా అని ఒకటుంది. వంకాయ ముక్కలు వేయించి, పులుపుకు సిర్కా, అంటే వెనిగర్, పోసి, పైన చక్కెర వేసి, చల్లారాక తింటారు. మొదటిసారి రుచి చూసినప్పుడు ఇది పెళ్లి మర్నాడు మిగిలిన కూర కాబోలు అనుకున్నాను. ఆ దీవికి పడమటి వైపున రవ్వను ఆవిరి మీద ఉడికించి పైన చేపల పులుసు పోసుకు తింటారు. ఉప్మాకు పులుసుతో పెళ్లి చేసినట్టుంటుంది గానీ, నిజం చెప్పాలంటే చాలా బాగుంటుంది. ఆ ట్యునీషియా ఆయన వెళ్లిపోయాక ఉదయం వంట నా చేతికి వచ్చింది.

ఆయన వెళ్లింది లెవీ మూలాన. పరదేశి ఉద్యోగి తలకింత అని యజమాని నెలనెలా సర్కారుకు కట్టాలన్నారు. దాంతోపాటు నితాకాత్ గట్టిపడింది. నితాకాత్ అంటే ప్రతి కంపెనీకి ఒక రంగు. సౌదీ వాళ్లకు ఉద్యోగమిచ్చిన కంపెనీ పచ్చ, ఇవ్వనిది ఎరుపు. ఎరుపులో పడితే మాలాంటివాళ్ల ఇఖామా రెన్యూ కాదు, మూటా ముల్లె సర్దుకోవాల్సిందే. మా హోటల్‌ను పచ్చలో నిలబెట్టింది ఒకే ఒక్క మనిషి. మేమంతా ఆమెను ఖాలా అనేవాళ్లం, అరబ్బీలో పిన్ని అని.

ఖాలాకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాడు. పుట్టిల్లు ఉత్తరాన అల్ జౌఫ్ వైపు, జైతూన్ తోటల సీమ. కఫీల్ ఆమెను కౌంటర్లో కూర్చోబెట్టాడు. డబ్బులు తీసుకునే మిషను వెయిటర్ల చేతుల్లోనే తిరిగేది కాబట్టి ఆమెకు చేయడానికేమీ లేదు. నాలుగింటికి వచ్చి సంతకం పెట్టాలి, కూర్చోవాలి, తొమ్మిదింటికి సంతకం పెట్టి పోవాలి. రెండేళ్లు అలాగే గడిచింది. ఆమె ఉద్యోగం మానేస్తే మా కొంపలు మునుగుతాయి కదా, అందుకని ఆమెను నెత్తిన పెట్టుకుని చూసుకునేవాళ్లం. ఏసీ గాలి తగిలితే ఏసీ తిప్పేవాళ్లం, తగలకపోతే మళ్లీ తిప్పేవాళ్లం. ఆమె మొహం కాస్త మాడిందంటే ఆ రోజు మాకు అన్నం దిగేది కాదు.

ఒకరోజు ఆమె కఫీల్ దగ్గరికి వెళ్లి, "నన్ను రంగు కోసం కూర్చోబెట్టావు. పని ఇవ్వు, లేకపోతే మానేస్తాను," అంది. కఫీల్ ఉలిక్కిపడి నీకేం పని వచ్చు అని అడిగాడు. "నీ సిసిలీ ఆడవాళ్లు రాళ్లతో కొట్టి ఊరవేసే జైతూన్ మా అమ్మ కూడా అలాగే వేసేది. పై వారం గురువారం నీ స్నేహితులు విందుకు వస్తున్నారు కదా. బల్ల మీద నా జైతూన్ పెట్టు. బాగుంటే వంటింట్లో నాకు ఉద్యోగం. బాగాలేకపోతే ఖలాస్, నేను ఇంటికి," అంది. కఫీల్ సరేనన్నాడు. విందుకు అప్పటికి పన్నెండు రోజులుంది.

ఈ సంగతి నాకు మా హోటల్ డ్రైవర్ చెప్పాడు, నేను తమ్ముడు అని పిలిచేవాణ్ణి. మా పక్క మండలం వాడు, జగిత్యాల వైపు. రోజూ ఖాలాను కారులో తెచ్చి దించేది అతనే. నా ఇఖామా గడువు ఇంకో నెలే ఉంది. అది రెన్యూ అయితేనే సెలవు మీద ఇంటికి పోయి రాగలను. ఇల్లు వదిలి అప్పటికి మూడేళ్లు దాటింది. మా ఆవిడ ఫోన్లో, "ఈసారి రాకుంటే నీ మొఖం నేను గుర్తువట్ట, ఆధార్ కార్డు వట్టుకొని రా," అంది. అంచేత ఆ జైతూన్ కాయలను కంటికి రెప్పలా కాపాడాలని గట్టిగా అనుకున్నాను. అనుకోకుండా ఉంటే ఎంత బాగుండేదో.

నాది ఉదయం షిఫ్టు, ఏడు నుంచి మూడు దాకా. ఖాలా వచ్చేసరికి నేను ఉండను. సాయంత్రం వంట చేసే ఈజిప్టు ఆయనకు తన పొయ్యి తప్ప లోకంతో పనిలేదు. ఇద్దరి వేళల్లోనూ ఉండేది ఒక్క చాచా. గిన్నెలు కడిగే బంగ్లాదేశ్ పెద్దాయన, నాకంటే పదేళ్లు పెద్ద. ఐదు పూటలా నమాజు, అబద్ధమాడడు, మాటిస్తే తప్పడు. అంత మంచితనం అన్ని చోట్లా పనికిరాదని తర్వాత తెలిసింది.

ఖాలా తమ్ముడు తోట నుంచి పెట్టెలు పంపాడు. ఆ సాయంత్రమే ఆమె కాయలన్నీ చితగ్గొట్టి స్టోర్ రూమ్‌లో నీలం తొట్టిలో వేసింది. మర్నాడు పొద్దున నేను తలుపు తీసి చూస్తే తొట్టి నిండా నీళ్లు, నీళ్లలో కాయలు.

మా ఇంట్లో మామిడికాయ తొక్కు పెట్టే రోజు మా నాయనమ్మ ముక్క ముక్కనూ పాత చీర పేలికతో తుడిచేది. తడిచేత్తో జాడీ ముట్టుకుంటే వీపు చిట్లిపోయేది. తడి తగిలితే ఊరగాయ బూజు పడుతుందని నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు. అలాంటిది ఇక్కడ కొట్టిన కాయ మీద బిందెలు బిందెలు నీళ్లు! చాచాను పిలిచాను.

"చాచా, ఇందులో పానీ ఎవరు పోశారు?"

చాచా పైకప్పు వైపు చూశాడు. "నేను కాదు భాయ్, కసమ్ సే."

"మరెవరు?"

"అది చెప్పలేను."

గిన్నెలు కడుగుతూ పొరపాటున పోసేసి దాస్తున్నాడు అనుకున్నాను. సరే, ముసలాయన, పోనీలే. నీళ్లన్నీ వంపేసి, కాయలను మిద్దె మీద ఉతికిన లుంగీలో పరిచి, ఎండలో ఆరబెట్టి, మూడింటికి మళ్లీ తొట్టిలో పోశాను. పోతూ పోతూ చాచా చేత ఒట్టు వేయించుకున్నాను. "కాయలు తడిసిన సంగతి ఖాలాకు చెప్పకు. బాధపడి ఉద్యోగం మానేస్తే అందరం రోడ్డున పడతాం." చాచా దుఃఖంగా ఒట్టు వేశాడు. ముందు రోజు సాయంత్రమే ఖాలా కూడా ఆయన చేత ఒట్టు వేయించుకుందని నాకేం తెలుసు? బాగా కుదరకపోతే నవ్వుతారని, తొట్టిలో తానేం చేస్తోందో ఎవరికీ చెప్పవద్దందట.

మర్నాడు మళ్లీ నీళ్లు. మళ్లీ వంపాను, ఎండబెట్టాను, చాచాను తిట్టాను. మూడో రోజు నీలం తొట్టి పోయి తెల్ల తొట్టి వచ్చింది, దాన్నిండా నీళ్లు. తప్పు కప్పిపుచ్చుకోవడానికి తొట్టి కూడా మార్చాడే అనుకున్నాను. అక్కడ ఖాలా ఏమో తొట్టి కారిపోతోందనుకుని కొత్తది కొంటోంది. ఐదో రోజుకు స్టీలుది వచ్చింది. పొద్దున నేను "పానీ ఎందుకు పోశావ్" అని తిట్టేవాణ్ణి, సాయంత్రం ఆమె "నీళ్లేవి, తాగేస్తున్నావా" అని తిట్టేది. చాచా ఇద్దరికీ కాదని ఒట్టేసి, నమాజు చాప మీద ఎక్కువసేపు ఉండసాగాడు. మనిషి చిక్కిపోయాడు.

ఆరో రోజుకు పాపం ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. నేను రాకముందే సగం నీళ్లు వంపేసేవాడు. ఆమె రాకముందు సగం నింపేవాడు. పొద్దున సగం తొట్టి చూసి, ముసలాయనకు బుద్ధి వస్తోంది అనుకున్నాను. సాయంత్రం సగం తొట్టి చూసి, ఈ తొట్టి కాస్త నయం అనుకుందట ఖాలా. మిగతా సగం మాత్రం నేను వంపుతూనే ఉన్నాను. కాయలు ముడుచుకుపోయి, ఎండిన రేగుపళ్లలా తయారయ్యాయి. ఒకటి నోట్లో వేసుకుంటే చేదు నషాళానికి అంటింది. ఇదంతా తడి తగిలినందుకే అని తీర్మానించుకున్నాను. నాకు ఊరగాయ గురించి ఇంకొకరు చెప్పాలా?

విందుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం నేనూ డ్రైవర్ తమ్ముడూ అన్నం తింటున్నాం.

"అన్నా, నిన్న ఖాలా కార్ల ఏడ్చింది," అన్నాడు.

"ఎందుకురా?"

"తమ్మునితోటి ఫోన్ల మాట్లాడుకుంట. వారం దినాల సంది రోజు నీళ్లు మారుస్తున్న, చేదు జర్ర గూడ ఇరుగుతలేదు, నా చెయ్యి పాడైపోయింది, అమ్మ పేరు చెడగొడుతున్న అని ఒకటే ఏడుపు."

"నీళ్లేందిరా? తొక్కుల నీళ్లేంది?"

"గది తొక్కు గాదన్నా. గవ్వి నీళ్లల్ల నానవెడ్తెనే చేదు పోతదట. దినాం పాతయి వారవోసి కొత్తయి పొయ్యాలెనట. ఈడ తొట్టిల నీళ్లు వోసినయి వోసినట్టే మాయమైతున్నయట. జిన్నులేమన్న తాగుతున్నయా అంటుంది."

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"ఏమైందన్నా, గట్లున్నవ్?"

"ఏం లేదు తమ్మీ. ఆ జిన్నును నేనే."

వాడు నా వైపు చూసి, అన్నం పళ్లెం పక్కన పెట్టి, "నువ్వు సచ్చినవ్ పో," అన్నాడు. తర్వాత లెక్కేసుకుని, "నువ్వొక్కనివే గాదు, అందరం సచ్చినం," అన్నాడు.

మాకు తెలిసిన విరుగుళ్లన్నీ చేశాం. కాకరకాయకు చేసినట్టు గుప్పెడు కాయలను లబన్‌లో, అంటే అక్కడి మజ్జిగలో, ఉప్పేసి నానబెట్టాను. పొద్దున చూస్తే కాయల చేదు కాయల్లోనే ఉంది, మజ్జిగ కూడా చేదైంది. చింతపండు పెట్టాను, బెల్లం పెట్టాను. బెల్లం జైతూన్ తిన్న డ్రైవర్ తమ్ముడు ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. చాచాను నా ఒట్టు నుంచి విడిపించి, ఇప్పుడు చెప్పు అన్నాను. "మీ కసమ్ పోయింది, ఖాలా కసమ్ ఇంకా ఉంది," అని నోరు మూసుకుని తలాడించాడు.

అబద్ధమెందుకు, నేరం చాచా మీద వదిలేసి ఊరుకుందామా అని కూడా ఒకసారి అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ చాచా మీద పడినా ఖాలా మాత్రం మానేస్తుంది, హోటల్ ఎరుపులో పడుతుంది. ఆమె ఆగాలంటే పాడైంది ఆమె చెయ్యి కాదని ఆమెకు తెలియాలి. ఆ మాట నేను తప్ప ఎవరూ చెప్పలేరు. నా నిజాయితీ గొప్పతనం అంతవరకే.

గురువారం వచ్చింది. షవర్మా కొండ కింద కఫీల్, ఆయన స్నేహితులు ఆరుగురు కూర్చున్నారు. నేను షిఫ్టు అయ్యాక కూడా ఉండిపోయాను. వంటింట్లో ఖాలా కొత్త అబాయా వేసుకుని, ఆ ముడుచుకుపోయిన కాయలకే వెల్లుల్లి, నిమ్మతొక్క, నూనె పట్టిస్తోంది. కళ్లు వాచి ఉన్నాయి. పక్కనే మడిచిన కాగితం, రాజీనామా. చేదని తెలిసీ ఎందుకు పెడుతున్నావని ఈజిప్టు ఆయన అడిగితే, "మాటిచ్చాను, పెడతాను. తర్వాత పోతాను," అంది.

నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. రోజువారీ మాట వింటే అర్థమవుతుంది గానీ, నా అరబ్బీ వంటింటి అరబ్బీ. తే, తీసుకో, వేడి, అయిపోయింది, ఇంతే. తప్పు చేశాను అనే మాట ఎప్పుడూ అవసరం పడలేదు, అంటే తప్పులు చేయలేదని కాదు. అందుకని అభినయించాను. తొట్టి ఎత్తినట్టు, నీళ్లు వంపినట్టు, మెట్లెక్కినట్టు, లుంగీ పరిచినట్టు, చెమట తుడుచుకున్నట్టు. ఆమె చాచా వైపు చూసింది. కాదు కాదు అని నా గుండెల మీద కొట్టుకుని, మళ్లీ మొదటి నుంచి తొట్టి వంపాను.

"నువ్వా?" అంది. "రోజూనా?"

"రోజూ."

"ఎందుకు?"

"మా ఊళ్లో ఊరగాయలో నీళ్లు పడితే చచ్చిపోతుంది. నీది బతికిద్దామని," అని మాటలు సగం, చేతులు సగం కలిపి చెప్పాను.

ఖాలా బియ్యం బస్తా మీద కూలబడింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అయిపోయింది, మా బతుకులు ఎరుపే అనుకున్నాను. చేతులు తీసేసరికి తెలిసింది, ఆమె నవ్వుతోంది. కన్నీళ్లు కారుతుండగా నవ్వుతోంది. రెండు చేతులూ ముందుకు చాపి తిప్పి తిప్పి చూసుకుంటూ, "పది రోజులుగా చెయ్యి పోయిందని ఏడ్చాను. నా చెయ్యి బాగానే ఉంది! వింటున్నారా, బాగానే ఉంది!" అంది. నాకు కూడా ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు దగ్గరలో లేవు కాబట్టి అది ఏడుపే.

అంతలో కఫీల్ తలుపు తోసి జైతూన్ ఏది అన్నాడు. ఖాలా గిన్నె తీసుకుని తానే బల్ల దగ్గరికి నడిచింది, వెనక నేను. "ఇవి పాడైపోయాయి, తినకండి," అంది. తినొద్దంటే అరబ్బు అతిథి ఊరుకుంటాడా? మర్యాద కోసం ఆరుగురూ తలా ఒకటి నోట్లో వేసుకున్నారు. ఆరు మొహాలు ఒకేసారి ముడుచుకున్నాయి. కఫీల్ కూడా ఒకటి నమిలి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, "చాలా బాగున్నాయి, అచ్చం అక్కడిలాగే," అన్నాడు.

"అబద్ధం చెప్పకు," అంది ఖాలా. "బాగుంటే ఉంటాను, బాగాలేకపోతే పోతాను అన్నాను. ఇవి బాగాలేవు."

నేను మనసులో మూటా ముల్లె సర్దుకోవడం మొదలుపెట్టాను.

"కానీ ఇవి నా జైతూన్ కాదు," అని వేలు నా వైపు తిప్పింది. "ఇవి ఇతని జైతూన్. నావి ఇంకా మీరు తినలేదు. నా తమ్ముణ్ణి మళ్లీ పంపమంటాను. ఈలోగా ఈ వంటింటికి ఎవరో ఒక పెద్ద దిక్కు ఉండాలి. పొద్దున ఏం జరుగుతోందో సాయంత్రానికి తెలియదు ఇక్కడ."

కఫీల్ ఆ చేదుతో మాట్లాడలేక తల గట్టిగా ఊపాడు. అలా ఖాలా వంటింటికి పెద్ద అయింది, నేను ఆమె కింద ఉద్యోగి అయ్యాను. చాచాకు మేమిద్దరం క్షమాపణ చెప్పి, నీకేం కావాలో అడుగు అన్నాం. ఆయన ఇకమీదట ఎవరూ తన చేత ఒట్టు వేయించవద్దన్నాడు.

శనివారం పాఠం వేళకు కఫీల్ బదులు ఖాలా నిలబడింది. నన్ను ముందుకు పిలిచి ఒక కాగితం ఇచ్చింది. టైపు చేసి, హోటల్ ముద్ర వేసి ఉంది. నాకు అరబ్బీ చదవడం రాదు కాబట్టి చాచాను చదవమన్నాను. ఆయనకు చదవడం వచ్చు, అర్థం తెలియదు. కళ్లు మూసుకుంటూ తెరుస్తూ, ప్రార్థన చదివినంత శ్రావ్యంగా చదివాడు. నేను భక్తిగా తలవంచుకుని విన్నాను. డ్రైవర్ తమ్ముడు చెవిలో చెప్పాడు: "అన్నా, గది వార్నింగ్ లెటర్. ఒగల కాయల్ని అడగకుంట ముట్టినందుకు మొదటి హెచ్చరికనట."

తలెత్తి చూశాను. ఖాలా కిందనున్న తన సంతకం మీద వేలు పెట్టి చూపిస్తోంది. "రెండేళ్లు వచ్చానని సంతకం పెట్టాను, పోతున్నానని సంతకం పెట్టాను," అంది. "పని చేసి పెట్టిన మొదటి సంతకం ఇదే. పారేయకు."

పారేయలేదు. ఆ నెలలోనే ఇఖామా రెన్యూ అయింది, సెలవు మీద ఇంటికి పోయి వచ్చాను, మా ఆవిడ గుర్తుపట్టింది. తర్వాత చాలా ఏళ్లకు ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేసేటప్పుడు ఇఖామా కార్డు వాళ్లకే ఇచ్చేయాల్సి వచ్చింది గానీ, ఈ కాగితం ఎవరూ అడగలేదు. ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టాను. మొన్న మా మనవరాలు వచ్చి, తాతా, ఇది నీకు సౌదీలో ఇచ్చిన సన్మాన పత్రమా అని అడిగింది. అవునన్నాను.